ఏ ఉక్కు? ఏ గన్‌మెటల్? పేరు పూర్తిగా చెప్పండి

లోహాల శీర్షికకు ఈసారి హైదరాబాద్, దాని చుట్టుపక్కల నుంచి వచ్చిన ప్రశ్నలు పైకి వేరువేరుగా ఉన్నా చాలావాటి మూలం ఒక్కటే: కొట్లో సగం పేరు చెప్పి సరుకు తెచ్చుకోవడం. "ఎస్‌ఎస్ (స్టెయిన్‌లెస్ స్టీల్) ఇవ్వండి", "గన్‌మెటల్ ముక్క కావాలి" అంటే కొట్టతను తన దగ్గర ఉన్నది తూచి ఇస్తాడు. అందులో అతని తప్పేమీ లేదు.

ఇన్నేళ్లూ డ్రాయింగ్‌ల మీద ఈఎన్ 8, ఈఎన్ 19 అని వచ్చేది. పని ఇచ్చే కొత్త పార్టీ ఒకరు "42సీఆర్‌ఎంఓ4, ఈఎన్ 10083" అని పంపారు. రాణిగంజ్‌లో అడిగితే ఈఎన్ 10083 అనే స్టీలే లేదన్నారు. ఇదేం స్టీల్? – బాలానగర్

కొట్లో చెప్పింది ఒక రకంగా నిజమే. ఈఎన్ 10083 స్టీల్ పేరు కాదు, యూరప్ వాళ్ల ప్రమాణ పత్రం నంబరు. హార్డెనింగ్ (కాల్చి, ఆర్పి గట్టిపరచడం), టెంపరింగ్ (మళ్లీ కొంచెం వేడి చేసి పెళుసు తగ్గించడం) చేసుకునే స్టీళ్లన్నీ ఆ పత్రంలో ఉంటాయి. మీకు అలవాటైన ఈఎన్ 8, 19, 24 మాత్రం రెండో ప్రపంచ యుద్ధం నడుస్తుండగా 1941లో బ్రిటన్ ఇచ్చిన నంబర్లు. ఆ దేశమే తర్వాత వాటిని వదిలేసి 080ఎం40, 709ఎం40 లాంటి పేర్లకు మారిపోయింది. మన దగ్గర మాత్రం లేత్ ముందు నిలబడే ప్రతివాళ్ల నోట్లో ఈఎన్ నంబరే నిలిచింది. పాత ఈఎన్ పక్కన ఒకటో రెండో అంకెలు, మహా అయితే ఈఎన్ 353లా మూడు ఉంటాయి. యూరప్ ఈఎన్ పక్కన సాధారణంగా ఐదంకెలుంటాయి. ఈ గుర్తు చాలు.

అసలు స్టీల్ పేరు 42సీఆర్‌ఎంఓ4. దీన్ని విప్పడం తేలిక. మొదటి 42ను వందతో భాగిస్తే కార్బన్: 0.42 శాతం. తర్వాత కలిపిన లోహాలు: క్రోమియం, మాలిబ్డినం. చివరి 4 క్రోమియానిది, దాన్ని 4తో భాగించాలి. అంటే 1 శాతం. మాంగనీస్, నికెల్, సిలికాన్, కోబాల్ట్, టంగ్‌స్టన్‌లకూ ఈ 4 భాగహారమే. మాలిబ్డినం, వెనేడియంలకు 10తో భాగించాలి. గేర్లకు వాడే 16ఎంఎన్‌సీఆర్5 ఇలాగే విప్పండి: కార్బన్ 0.16, మాంగనీస్ 1.25 శాతం చుట్టుపక్కల. పేరు ముందు 'ఎక్స్' ఉంటే ఈ భాగహారాలేవీ లేవు, కార్బన్ ఒక్కటే వందో వంతు, మిగతావి నేరుగా శాతాలు. ఎక్స్5సీఆర్‌ఎన్‌ఐ18-10 అంటే కార్బన్ 0.05, క్రోమియం 18, నికెల్ 10. మనం రోజూ 304 అనే స్టెయిన్‌లెస్ అదే.

అమెరికా పద్ధతిలో నాలుగంకెలు. మొదటి రెండూ కుటుంబం, చివరి రెండూ కార్బన్. 1040 అంటే మామూలు కార్బన్ స్టీల్, 0.40 కార్బన్, మన ఈఎన్ 8కి దగ్గర. 4140లో 41 అంటే క్రోమ్-మాలీ. బేరింగుల స్టీల్ 52100లో కార్బన్ 1 శాతం కాబట్టి చివర మూడంకెలు పట్టాయి. మన కొట్లలో అదే ఈఎన్ 31. భారత ప్రమాణంలో ఈఎన్ 8ని 40సీ8 అంటారు: కార్బన్ 0.40, మాంగనీస్ 0.8.

మీ పార్టీ అడిగినది ఈఎన్ 19కి దగ్గరి చుట్టం. అయినా దగ్గరి చుట్టమే, అదే మనిషి కాదు. 42సీఆర్‌ఎంఓ4లో మాలిబ్డినం 0.15 నుంచి 0.30 దాకా ఉండొచ్చు. ఈఎన్ 19 కొత్త పేరైన 709ఎం40లో 0.25 నుంచి 0.35 ఉండాలి. అంటే మాలిబ్డినం 0.18 ఉన్న కడ్డీ మొదటి పేరు కింద పాసై, రెండో పేరు కింద ఫెయిలవుతుంది. గోడకు అంటించే 'సమాన గ్రేడుల' పట్టికలు ఈ తేడా చూపించవు. ఈఎన్ 19 సరుకే వాడదలిస్తే టెస్ట్ సర్టిఫికేట్‌లో అంకెలన్నీ 42సీఆర్‌ఎంఓ4 హద్దుల్లో పడ్డాయో లేదో చూసి, పార్టీ చేత కాగితం మీద ఒప్పించుకోండి. ఫోన్‌లో "సరే" అన్నది ఇన్‌స్పెక్షన్ రోజున ఎవరికీ గుర్తుండదు.

50 మిల్లీమీటర్ల పొడవాటి షాఫ్ట్, మధ్యలో పుల్లీ. ఈఎన్ 8తో చేస్తే బెల్టు లాగుడుకు వంగి ఊగుతోంది. ఖర్చయినా ఫర్వాలేదని ఈఎన్ 24కి మార్చాం. ఊగడం అలాగే ఉంది. మాకు దొంగ సరుకు అంటగట్టారా? – జీడిమెట్ల

సరుకు అసలుదే అయ్యుంటుంది, డబ్బు మాత్రం వృథా అయింది. బరువు పడ్డప్పుడు ఎంత వంగాలి అన్నది స్టీల్ ఖరీదు మీద ఆధారపడదు. మైల్డ్ స్టీల్‌కూ (ఎంఎస్), ఈఎన్ 8కీ, ఈఎన్ 24కీ స్థితిస్థాపక గుణకం (వంగకుండా ఎదిరించే గుణం) 205 నుంచి 210 గిగాపాస్కల్ మధ్యే. హార్డెన్ చేసినా అది మారదు. ఈఎన్ 24 కొన్నందుకు దొరికేది వేరు: లోడ్ తీసేశాక తిరిగి తిన్నగా రాకుండా శాశ్వతంగా వంగిపోవడం, విరిగిపోవడం చాలా ఎక్కువ లోడ్ దగ్గర గానీ జరగవు.

ఊగుడు తగ్గాలంటే వ్యాసం పెంచాలి, లేదా బేరింగుల మధ్య దూరం తగ్గించాలి. గట్టిదనం వ్యాసానికి నాలుగో ఘాతంలో పెరుగుతుంది. 50ని 55 చేస్తే అదే ఈఎన్ 8 షాఫ్ట్ 46 శాతం ఎక్కువ బిగువుగా నిలబడుతుంది.

ఈఎన్ 24 అవసరమైన చోటు వేరే ఉంది. షాఫ్ట్ లావై, లోపలి దాకా బలం కావాల్సినప్పుడు. ఈఎన్ 8ని కాల్చి ఒక్కసారిగా ఆర్పితే పైపొర గట్టిపడుతుంది, 90 మిల్లీమీటర్ల కడ్డీ నడిమధ్యకు ఆ చలువ వేగంగా అందదు, అక్కడ మెత్తగానే మిగులుతుంది. ఈఎన్ 24లోని నికెల్ 1.5, క్రోమియం 1.2, మాలిబ్డినం 0.25 శాతాల దగ్గర ఉండి, నూనెలో నెమ్మదిగా చల్లారినా లోపలి దాకా గట్టిపడనిస్తాయి. డ్రాయింగ్‌లో ఈఎన్ 24 తర్వాత 'టీ' ఉంటే దాన్ని వదిలేయకండి. అది స్టీల్‌కు ఇచ్చిన హీట్ ట్రీట్‌మెంట్ స్థాయి: 850 నుంచి 1000 మెగాపాస్కల్ బలం, బ్రినెల్ కాఠిన్యం 248 నుంచి 302. 'ఆర్' అయితే 700–850, 'వీ' అయితే 1000–1150. ఒట్టి ఈఎన్ 24 అని ఆర్డర్ ఇస్తే మెత్తబరిచిన కడ్డీ రావచ్చు. దానితో చేసిన షాఫ్ట్‌కు ఈఎన్ 24 ధర ఉంటుంది, బలం ఉండదు.

ఈఎన్ 8 షాఫ్ట్‌కు ఎంఎస్ ఫ్లాంజ్ వెల్డ్ చేశాం. సాయంత్రం బాగానే ఉంది, పొద్దున చూస్తే వెల్డింగ్ అంచున షాఫ్ట్ వైపు సన్నని పగులు. – గాంధీనగర్

రాత్రికి రాత్రి పగిలిందంటే హైడ్రోజన్ పని. తడి పట్టిన రాడ్ నుంచి హైడ్రోజన్ లోహంలోకి దిగుతుంది, వెల్డ్ పక్కన పెళుసెక్కిన పొరలో చేరి, గంటలు గడిచాక చీలుస్తుంది. ఆ పొర పెళుసెక్కేదీ లేనిదీ ముందే లెక్క కట్టొచ్చు. కార్బన్‌కు మాంగనీస్‌లో ఆరో వంతు, క్రోమియం–మాలిబ్డినం–వెనేడియం మొత్తంలో ఐదో వంతు, నికెల్–రాగి మొత్తంలో పదిహేనో వంతు కలపండి. వచ్చినది కార్బన్ ఈక్వివలెంట్. మామూలు ఎంఎస్ ప్లేట్ అయిన ఐఎస్ 2062 ఈ250కి ఇది 0.42 దాటకూడదు, అందుకే దాన్ని కళ్లు మూసుకుని వెల్డ్ చేస్తారు. ఈఎన్ 8కి 0.40 కార్బన్, 0.8 మాంగనీస్ వేస్తే 0.53. ఈఎన్ 24కి 0.9 దగ్గరికి పోతుంది.

0.45 దాటితే ముందుగా వేడి చేయాల్సిందే. మీ ఈఎన్ 8కి 150–200 డిగ్రీలు, నిర్ణీత వేడికి కరిగే టెంపరేచర్ చాక్‌తో చూసుకోండి. హైడ్రోజన్ తక్కువ వదిలే 7018 రాడ్ వాడండి. డబ్బా తెరిచి చాలా రోజులైతే 300–350 డిగ్రీల ఓవెన్‌లో రెండు గంటలు ఎండబెట్టాలి. షెడ్డు రేకు మీద ఎండకు పెట్టడం ఎండబెట్టడం కాదు. అయ్యాక పొడి సున్నంలోనో బూడిదలోనో కప్పి మెల్లగా చల్లారనివ్వండి. మీరు మామూలు 6013 రాడ్‌తో చేసి నీళ్లు చల్లి ఉంటారని మా అనుమానం.

ఇంటి మెట్ల రెయిలింగ్‌కు 304 అని డబ్బు తీసుకున్నారు. గృహప్రవేశానికి ముందే గోధుమ రంగు మచ్చలు వచ్చాయి. అయస్కాంతం పెడితే అంటుకోలేదు. మరి తుప్పెందుకు? – నాచారం

అయస్కాంతం అంటలేదంటే 304 అనుకోవడం మనవాళ్లందరికీ ఉన్న నమ్మకం. అది చెప్పేది ఒక్కటే: 430 లాంటి నికెల్ లేని 400 వరుస కాదని. 200 వరుసకూ అయస్కాంతం అంటదు. 304లో నికెల్ 8 శాతం పైన ఉంటుంది. 202లో నికెల్ 4–6కి తగ్గించి, ఆ లోటు పూడ్చడానికి మాంగనీస్ 7.5–10 శాతం వేస్తారు. కొట్లలో జే4 అనే రకంలో నికెల్ 1 శాతం దగ్గరే. మెరుపు అందరిదీ ఒకటే. తిరకాసు ఇంకోవైపూ ఉంది: అసలైన 304 పైపును వంచిన చోట, గట్టిగా రుద్దిన చోట అయస్కాంతం కొంచెం లాగుతుంది, ఎందుకంటే చల్లగా వంచినప్పుడు లోపలి నిర్మాణం కొంత మారిపోతుంది. దాన్ని చూసి మంచి సరుకును వెనక్కి పంపినవాళ్లూ ఉన్నారు.

తేల్చుకోవడానికి రెండు దారులు. చిన్న బ్యాటరీతో వాడే మాంగనీస్ పరీక్ష ద్రవం చుక్క వేస్తే 200 వరుస రంగు మారి పట్టుబడుతుంది. లేదా ఎక్స్‌రే గన్ ఉన్న టెస్టింగ్ ల్యాబ్‌కు ఒక ముక్క తీసుకెళ్లండి. నికెల్, క్రోమియం, మాంగనీస్ అంకెలు అక్కడికక్కడే వస్తాయి.

సరుకు 304 అనే తేలితే మేస్త్రిని ఒక మాట అడగండి: రెయిలింగ్ బిగించాక టైల్స్ యాసిడ్‌తో కడిగారా? టైల్స్ మీది సిమెంట్ మరకలకు వాడేది హైడ్రోక్లోరిక్ ఆమ్లం. దాని ఆవిరి తగిలితే 304 అయినా రెండు రోజుల్లో మచ్చలెక్కుతుంది. స్టెయిన్‌లెస్‌కు రక్ష పైనున్న క్రోమియం ఆక్సైడ్ పొర. క్లోరైడ్ దానికి నేరుగా శత్రువు. మంచినీళ్లతో బాగా కడిగి, స్టెయిన్‌లెస్ క్లీనర్‌తో తుడిస్తే పైపై మచ్చలు పోతాయి. గుంటలు పడి ఉంటే పాలిష్ చేయించాలి. ఇనుప పీచు మాత్రం ముట్టించకండి, దాని రేణువులే కొత్త తుప్పవుతాయి.

మా ప్లాంటులో 316ఎల్ పైపులైను. వెల్డ్‌ల పక్కన బయటి వైపు తుప్పు చారలు. ఎక్స్‌రే గన్‌తో చూస్తే 316 అనే వచ్చింది. – పాశమైలారం

గన్ మాలిబ్డినం 2 శాతం పైన ఉందని చెప్పగలదు, కార్బన్‌ను చూడలేదు. 316కీ 316ఎల్‌కీ తేడా అంతా కార్బన్‌దే: ఎల్‌లో 0.03 మించకూడదు, మామూలు దాంట్లో 0.08 దాకా ఉండొచ్చు. కార్బన్ ఎక్కువైతే వెల్డింగ్‌లో 450–850 డిగ్రీల మధ్య నలిగిన పట్టీలో అది క్రోమియాన్ని పట్టుకుని కార్బైడ్‌గా రేణువుల సరిహద్దుల్లో చేరుతుంది. ఆ పక్కన క్రోమియం కరువై తుప్పు దారి చేసుకుంటుంది. కార్బన్ తేల్చాలంటే స్పార్క్ స్పెక్ట్రోమీటర్ కావాలి. ఫిల్లర్ వైరు కూడా 316ఎల్ అవునో కాదో చూడండి.

అయితే మీరు బయటి వైపు చారలు అన్నారు కాబట్టి మేం ముందు అనుమానించేది గ్రైండర్‌ను. ఎంఎస్ సపోర్టులు కోసిన గ్రైండింగ్ వీల్‌తోనే ఈ వెల్డ్‌లు రుద్దారా? పక్కనే ఎంఎస్ కోస్తుంటే నిప్పురవ్వలు పైపు మీద పడ్డాయా? పరీక్ష ఇది: 250 మిల్లీలీటర్ల డిస్టిల్డ్ నీళ్లలో 1 మిల్లీలీటర్ సల్ఫ్యూరిక్ ఆమ్లం చుక్కలుగా కలిపి, 4 గ్రాముల మైలుతుత్తం కరిగించండి. చార ఉన్నచోట పూసి ఆరు నిమిషాలు తడిగా ఉంచండి. రాగి రంగు పడితే అది పైన అంటుకున్న ఇనుము. ఇది బయటి వైపుకే. ప్లాంటులో తయారయ్యే సరుకు తగిలే లోపలి ఉపరితలానికి వాడకూడదు.

అంటిన ఇనుము, వెల్డ్ పక్కన నీలి-గోధుమ మసి, రెండూ పిక్లింగ్ పేస్టుతో పోతాయి. ఆ పేస్టులో హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం ఉంటుంది. చర్మం మీద పడితే మొదట మంట కూడా తెలియకుండా లోపలికి దిగుతుంది. గ్లవ్స్, ఫేస్ షీల్డ్, చేతికందేలా కాల్షియం గ్లూకోనేట్ జెల్ లేకుండా డబ్బా మూత తీయొద్దు.

కాంక్రీట్‌లో వేసే ఎఫ్‌ఈ 500, 500డి కడ్డీలకు తేడా ఏంటి? సైటులో బరువు ఎలా చూసుకోవాలి? – ఉప్పల్

రెండింటికీ కనీస బలం 500 మెగాపాస్కల్. 'డి' కడ్డీ తెగే ముందు కనీసం 16 శాతం సాగాలి, మామూలు 500కి 12 చాలు. డి రకంలో గంధకం, భాస్వరం ఒక్కోటీ 0.040 దాటకూడదు, మామూలు దాంట్లో 0.055 దాకా ఒప్పుకుంటారు. ఇంటికి డి తీసుకోండి. బరువుకు: మిల్లీమీటర్లలో వ్యాసాన్ని దానితోనే గుణించి 162తో భాగిస్తే మీటరుకు కిలోలు. 12 ఎంఎం కడ్డీ మీటరు 0.888 కిలో, 12 మీటర్ల పూర్తి కడ్డీ 10.66 కిలోలు. ఈ సైజుకు 5 శాతం తేడా చెల్లుతుంది. పది కడ్డీలు తూచండి. 101 కిలోల కంటే తగ్గితే లారీ దించనివ్వకండి.

షాఫ్ట్ తిరిగే చోట దాని చుట్టూ తొడిగే బుష్‌ను గన్‌మెటల్ అని చేయించాం. రెండు నెలల్లో అరిగిపోయి పసుపు పొడి రాలింది. – కాటేదాన్

పసుపు పొడి అన్నారు, అక్కడే తెలిసిపోయింది. అది ఇత్తడి. రాగిలో జింక్ కలిస్తే ఇత్తడి, తగరం కలిస్తే కంచు. మన ఇళ్లలో కంచు కంచం మోగే తీరు, ఇత్తడి బిందె మోగే తీరు వేరుగా ఉండేది అందుకే. గన్‌మెటల్ కంచు కుటుంబం. కొంచెం కోసి చూస్తే తాజా కోత ఎర్రటి ఛాయలో ఉండాలి.

పేర్లతో ఇక్కడ పెద్ద గందరగోళం. మాంగనీస్ బ్రాంజ్ అని అమ్మేది నిజానికి గట్టి ఇత్తడి. గన్‌మెటల్ అన్నా ఒకటి కాదు: 88 రాగి, 10 తగరం, 2 జింక్ ఒక రకం. 85 రాగి, తగరం–సీసం–జింక్ తలా 5 ఇంకో రకం. ఐఎస్ 318లో దీని పేరు ఎల్‌టీబీ 2. మామూలు బుష్‌లకు ఈ రెండోది బాగా కుదురుతుంది. సీసం ఉండటం వల్ల నూనె ఒక పూట తగ్గినా షాఫ్ట్‌ను పట్టేయదు, దుమ్ము రేణువును తనలో కుక్కుకుంటుంది. లోడ్ ఎక్కువై, షాఫ్ట్ హార్డెన్ చేసినదై, నూనె ఆగకుండా అందితే ఫాస్ఫర్ బ్రాంజ్ (భాస్వరం కలిసిన కంచు). మెత్తటి షాఫ్ట్ మీద ఫాస్ఫర్ బ్రాంజ్ పెడితే బుష్ బాగుంటుంది, షాఫ్ట్ అరుగుతుంది. షాఫ్ట్ మార్చడం బుష్ మార్చడం కంటే ఎంత ఖరీదో మీకు చెప్పక్కర్లేదు.

పోతకు ఇచ్చేటప్పుడు "ఎల్‌టీబీ 2, కెమికల్ రిపోర్టుతో" అని రాయండి. బిగింపు సంగతి కూడా: 50 షాఫ్ట్‌కు 0.05 నుంచి 0.075 మిల్లీమీటర్ల ఖాళీ వదలండి, అదీ బుష్‌ను హౌసింగ్‌లో ప్రెస్ చేసిన తర్వాత. ప్రెస్ చేస్తే బయట ఎంత బిగువుందో దాదాపు అంత లోపలి బోరు మూసుకుంటుంది. లేత్ మీద సరిగ్గా ఉన్న బుష్ లోపలికి దిగాక షాఫ్ట్‌ను పట్టడం అందుకే.

రేకుకు రంధ్రాలు కొట్టే హెచ్‌సీహెచ్‌సీఆర్ పంచ్‌లు. ఒక లాటు మెత్తగా వచ్చింది, ఇంకో లాటు మూలల్లో పగిలింది. హీట్ ట్రీట్‌మెంట్ ఒకే చోట. – కుషాయిగూడ

హెచ్‌సీహెచ్‌సీఆర్ అంటే హై కార్బన్ హై క్రోమ్, అంతే. ఆ పేరుతో డీ2, డీ3 రెండూ అమ్ముతారు. డీ2లో కార్బన్ 1.5, డీ3లో 2.1 శాతం, క్రోమియం రెండింట్లో 12. డీ2ను 1000–1040 డిగ్రీల నుంచి గాలిలో ఆర్పవచ్చు. డీ3ని 940–970 నుంచి నూనెలో ఆర్పాలి. డీ2కి డీ3 వేడి ఇస్తే కార్బైడ్లు తగినంత కరగక కాఠిన్యం రాదు. డీ3ని డీ2 వేడికి ఎక్కిస్తే ముతక రేణువులు, పగుళ్లు. మీ రెండు లాటుల కథ మాకు అలాగే కనిపిస్తోంది. గ్రేడ్ తేల్చి, జాబ్ కార్డు మీద రాసి పంపండి. ఆర్పిన పంచ్ చేతికి వెచ్చగా ఉండగానే, అంటే 50–60 డిగ్రీల్లో, టెంపరింగ్ ఫర్నేస్‌లోకి పోవాలి. రేపు చేద్దాంలే అంటే రేపటికి పగులుతుంది. డీ2కి 200–250 డిగ్రీల్లో రెండుసార్లు టెంపర్ చేస్తే 58–60 రాక్‌వెల్ కాఠిన్యం వస్తుంది. లోపలి మూలలకు కనీసం అర మిల్లీమీటర్ గుండ్రం ఇవ్వండి.

6061-టీ6 అల్యూమినియం ఫ్రేమ్‌ను టిగ్ వెల్డ్ చేస్తే వెల్డ్ గట్టిగానే ఉండి, దాని పక్కన 10 మిల్లీమీటర్ల దూరంలో వంగింది. – చర్లపల్లి

వెల్డర్‌ను తిట్టకండి. టీ6 అంటే అల్యూమినియంను 530 డిగ్రీల దగ్గర నానబెట్టి, నీళ్లలో ఆర్పి, మళ్లీ 160–175లో గంటల తరబడి పండించి తెచ్చిన బలం. వెల్డింగ్ వేడి ఆ పండించినదాన్ని పక్క పట్టీలో చెరిపేస్తుంది. డిజైన్‌లో వాడే కనీస బలం 260 మెగాపాస్కల్ నుంచి 165కి పడిపోతుంది. లోడ్ ఎక్కువ పడేచోట వెల్డ్ రాకుండా జరపండి, లేదా ఆ గోడ మందం పెంచండి, లేదా బోల్టులు వేయండి. ఫిల్లర్‌గా 4043 వాడి తర్వాత అనోడైజ్ చేయిస్తే వెల్డ్ నల్లబడుతుంది. రంగు ముఖ్యమైతే 5356. అన్నట్టు, కొట్లో హెచ్‌ఈ 20 అనేది ఇదే 6061. హెచ్‌ఈ 30 అంటే 6082, హెచ్‌ఈ 9 అంటే కిటికీలకు వాడే 6063. 7075 బలం చూసి మోజుపడి వెల్డింగ్ ఫ్రేమ్‌కు మాత్రం తెచ్చుకోవద్దు, వెల్డ్ చల్లారుతూనే చీలుతుంది.

బీడు (పోత ఇనుము) పంపు కేసింగ్‌కు పగులు. మామూలు రాడ్‌తో అతికిస్తే పక్కనే ఇంకో పగులు. – కూకట్‌పల్లి

బీడులో కార్బన్ 3 శాతం పైన. ఎంఎస్ రాడ్‌తో వేస్తే ఆ కార్బన్ వెల్డ్‌లోకి ఎక్కి, గబుక్కున చల్లారి, గాజులా అవుతుంది. ముందు పగులు రెండు చివర్లా 3–4 మిల్లీమీటర్ల రంధ్రాలు వేయండి, లేకపోతే అది పరుగు ఆపదు. వీ ఆకారంలో గాడి తీసి, టార్చ్‌తో కాల్చి లోపలి నూనె పొగంతా పోనివ్వండి. 55 శాతం నికెల్ రాడ్, తక్కువ కరెంట్, ఒక్కో అతుకు 25 మిల్లీమీటర్లు మించకుండా. వేసిన వెంటనే గుండ్రని సుత్తితో చిన్న దెబ్బలు వేస్తే లాగుడు సడలుతుంది. చేయి ఆనేంత చల్లారాకే తర్వాతి ముక్క, అదీ పక్కన కాకుండా అవతలి చివర. ఒక పూట పడుతుంది. ఏళ్ల తరబడి నిప్పులో కాలిన పొయ్యి జల్లెడలకూ, ఎగ్జాస్ట్ మానిఫోల్డ్‌లకూ ఇది పట్టదు, అవి లోపలంతా కాలిపోయి ఉంటాయి.

బోల్టు తల మీద 8.8 అంటే? – మల్లాపూర్

మొదటి 8ని వందతో గుణిస్తే తెగే బలం 800 మెగాపాస్కల్. రెండో 8 అందులో 80 శాతం దగ్గర, అంటే 640 వద్ద, శాశ్వతంగా సాగడం మొదలవుతుందని. 10.9 అయితే 1000, 900. స్టెయిన్‌లెస్ బోల్టు మీద ఏ2-70 అంటే 304 కుటుంబం, 700 మెగాపాస్కల్; ఏ4 అంటే 316 కుటుంబం. 8.8 తీసేసి ఏ2-70 వేస్తే తుప్పు తగ్గుతుంది, బలమూ తగ్గుతుంది.

డిప్లొమా చదువుతున్నాను. మిధానిలో చేసే లోహాలు మామూలు స్టీల్ కంటే ఎలా వేరు? – సంతోష్‌నగర్

మీ ఇంటికి దగ్గర్లోనే కంచన్‌బాగ్‌లో 1973లో పెట్టిన ఆ సంస్థ పూర్తి పేరు మిశ్ర ధాతు నిగమ్. మిశ్రధాతువు అంటేనే అల్లాయ్. మామూలు స్టీల్‌కు గట్టిదనం కార్బన్ ఇస్తుంది. అక్కడ చేసే మారేజింగ్ స్టీల్‌లో కార్బన్‌ను 0.03 లోపు తొక్కిపెడతారు. నికెల్ 18, కోబాల్ట్ 8, మాలిబ్డినం 5 శాతం దగ్గర, కొద్దిగా టైటానియం. 30 రాక్‌వెల్ దగ్గర మెత్తగా ఉన్నప్పుడే మెషినింగ్, వెల్డింగ్ చేసుకుని, 480 డిగ్రీల్లో కొన్ని గంటలు ఉంచితే 50 దాటుతుంది. నీళ్లలో ముంచడం లేదు కాబట్టి కొలత దాదాపు కదలదు. పీఎస్‌ఎల్‌వీ రాకెట్ మొదటి దశ మోటార్ కవచం ఈ రకం ఉక్కే. మౌలాలి వైపు 1971లో మొదలైన న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్‌లో అవసరం ఇంకో రకం. ఇంధనం నింపే గొట్టం న్యూట్రాన్లను మింగకూడదు, కాబట్టి జిర్కోనియం. దాని ఖనిజంలో తోడుండే హాఫ్నియం న్యూట్రాన్లను విపరీతంగా మింగుతుంది, దాన్ని వేరుచేయడమే అక్కడ పెద్ద పని.

ఈ ఊరి చుట్టుపక్కలకు ఇది కొత్త విద్య కాదు. నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో మూసల్లో కరిగించి చేసిన ఉక్కు ముద్దలు పశ్చిమాసియా కత్తుల దాకా వెళ్లాయి. ఇంగ్లీషువాళ్లు దాన్ని వూట్జ్ అన్నారు, మన దక్షిణాది 'ఉక్కు' మాటే అలా మారిందంటారు.

షాపులో మిగిలిన రౌండ్ ముక్కలన్నీ కలిసిపోయాయి. ఏది ఏదో తెలిసేదెలా? – ప్రశాంతినగర్

గ్రైండర్ మీద నిప్పురవ్వలు చూడండి. పక్కన తెలిసిన ఎంఎస్, ఈఎన్ 8, ఈఎన్ 31 ముక్కలు పెట్టుకుని పోల్చాలి, కొంచెం చీకట్లో, అదే గ్రైండింగ్ వీల్, అదే ఒత్తిడి. ఎంఎస్‌కు పొడవాటి గడ్డిరంగు గీతలు, చివర పువ్వులు తక్కువ. కార్బన్ పెరిగేకొద్దీ పువ్వులు దట్టమవుతాయి, ఈఎన్ 31కి చిచ్చుబుడ్డిలా. హైస్పీడ్ స్టీల్‌కు సన్నని ముదురెరుపు గీతలు, పువ్వులు దాదాపు ఉండవు. ఈఎన్ 19, 24 మధ్య తేడా కంటితో పట్టడం అనుభవజ్ఞుడికీ కష్టం, వాటిని ల్యాబ్‌కే పంపండి. ఖర్చు ఎక్కువనిపిస్తే ఆ ముక్కలను బరువు దించే హుక్‌కో, తిరిగే షాఫ్ట్‌కో వాడకుండా స్పేసర్లకు, జిగ్‌లకు వాడేయండి.

ఇకముందు సరుకు దిగిన రోజే కడ్డీ ఒక చివర గ్రేడుకొక రంగు కొట్టి, సర్టిఫికేట్‌లోని హీట్ నంబరు (ఏ విడత కరిగించిన స్టీలో చెప్పేది) పంచ్ చేయండి. కోసేటప్పుడు ఎప్పుడూ రంగు లేని చివర నుంచే కోయండి.